బండి కింద స్టెప్నీ పెట్టిన తిప్పలు

శ్రీశైలం వెళ్తూ మన్ననూరు దాటాక అడవిలో వెనక టైరు పంక్చరైంది. మాది సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పెద్ద ఎస్‌యూవీ. స్టెప్నీ బండి కింద గొలుసుకు వేలాడుతుంది. రాడ్ పెట్టి తిప్పితే కదల్లేదు, బురదా తుప్పూ కలిసి పట్టేశాయి. తుప్పు వదిలించే స్ప్రే డబ్ల్యూడీ-40 కొట్టి, పావుగంట ఆగి, అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పితే దిగింది. (ఆ పావుగంటా కోతుల కన్ను మా అరటిపళ్ల మీదే!)

తీరా చూస్తే గాలి సగమే ఉంది. సైజూ వేరే. మిగతావి 265/60 ఆర్18, ఇది 245/65 ఆర్17. అంటే ఎత్తు 775 మి.మీ. బదులు 750. ఇంజిన్ తిప్పే వెనక ఇరుసుకి ఇలాంటి తేడా వేస్తే డిఫరెన్షియల్ (రెండు వైపుల చక్రాలూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్లు) మీద భారం. అందుకే ముందు చక్రం తీసి వెనక్కి వేసి, స్టెప్నీని ముందుకి బిగించా. జాకీ రెండుసార్లు ఎత్తాల్సి వచ్చింది, నడుం పోయింది. ఫోర్‌వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలనీ ఇంజిన్ తిప్పే పద్ధతి) వెయ్యకుండా, దగ్గరున్న పంపుతో గాలి కొట్టుకుని నెమ్మదిగా వెళ్లాం.

ఇంటికొచ్చాక ఆ స్టెప్నీ టైరు పక్కగోడ మీద 2315 అని కనిపించింది: 2015లో 23వ వారం తయారీ! వెంటనే పారేసి మిగతా టైర్ల సైజుదే కొత్తది కొన్నా. ఇప్పుడు తలుపు స్టిక్కర్ మీదున్న దానికంటే అందులో గాలి మూడు నాలుగు పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఎక్కువ ఉంచుతున్నా. ఆర్నెల్లకోసారి కిందికి దించి గొలుసుకు గ్రీజు పూస్తున్నా.