దీపం వెలుగుతోంది, రోడ్డు మాత్రం చీకటి: ఎక్కడ చూడాలి?

వీధిలో చీకటిగా ఉందని ఫిర్యాదు వస్తే చాలు, మొదటి మాట "వాట్స్ పెంచండి" అనే. వినీ వినీ విసుగొచ్చింది. వాట్స్ పెంచితే వెలుగున్న చోట ఇంకా వెలుగొస్తుంది, మధ్యలో చీకటి పక్కనున్న వెలుగు వల్ల ఇంకా నల్లగా కనిపిస్తుంది. రోడ్డు దీపాల ప్రమాణం ఐఎస్ 1944 ముఖ్యమైన పెద్ద రోడ్డుకు సగటున 30 లక్స్ (రోడ్డు మీద పడే వెలుగుకు కొలత) అడుగుతుంది. దాంతోపాటు అతి తక్కువ వెలుగున్న చోట కూడా ఆ సగటులో 40 శాతం ఉండాలంటుంది. మన ఊళ్లలో తప్పేది ఎక్కువగా ఈ రెండో లెక్కే.

కాబట్టి ముందు రాత్రిపూట ఆ వీధిలో ఒకసారి నడవండి. పగలు వెళ్లి స్తంభాలు లెక్కపెట్టుకుని వస్తే ఏమీ తెలియదు. దీపానికి అడ్డంగా వేప కొమ్మో కానుగ కొమ్మో ఉందా? గాజు మీద దుమ్ము పేరుకుందా? నాపరాళ్ల పాలిషింగ్ జరిగే తాడిపత్రి లాంటి చోట్ల తడిగుడ్డతో తుడిస్తేనే సగం ఫిర్యాదు తీరిపోతుంది. ఈ రెండూ చూడకుండా నిచ్చెన బండి పిలిపించకండి.

ప్రతి రెండు స్తంభాల మధ్యా ఒకేలాంటి చీకటి

వీధి పొడవునా ఒకే తీరుగా ఉంటే కారణం దూరం. దీపం ఎంత ఎత్తులో ఉందో దానికి మూడు, మూడున్నర రెట్ల దూరంలో తర్వాతి దీపం ఉండాలి. 9 మీటర్ల ఎత్తుకు సుమారు 30 మీటర్లు. కాలనీల్లో మనం దీపాలు తగిలించేది కరెంటు తీగల కోసం పాతిన స్తంభాలకు. 8 మీటర్ల స్తంభంలో మీటరున్నర దాకా భూమిలోనే పోతుంది, దీపం 6 మీటర్ల దగ్గర ఆగుతుంది. అక్కడి నుంచి 40 మీటర్ల అవతల ఇంకో దీపం పెడితే మధ్యలో చీకటి కాక ఏముంటుంది? మధ్యలో ఇంకో స్తంభం వేయాల్సిందే, వేరే మందు లేదు.

ఎదుటి అంచు చీకటి

రోడ్డు వెడల్పు చేసి స్తంభాలను పాత వరుసలోనే వదిలేసిన చోట ఇది మామూలే. రోడ్డు వెడల్పు దీపం ఎత్తుకు మించకపోతే ఒకవైపు వరుస చాలు. ఒకటిన్నర రెట్ల దాకా అయితే అటొకటి ఇటొకటి మార్చి మార్చి పెట్టాలి. అంతకు మించితే రెండువైపులా ఎదురెదురుగా. మలుపుల్లో ఒక్క వరుసే అయితే బయటి అంచున, కాస్త దగ్గర దగ్గరగా.

కళ్లలోకి, మేడ మీది గదుల్లోకి వెలుగు

పాత సోడియం దీపాల బ్రాకెట్లు, అంటే స్తంభం నుంచి రోడ్డు మీదికి దీపాన్ని పట్టుకునే పైపు చేతులు, పైకెత్తి ఉంటాయి. వాటికే ఎల్ఈడీ తగిలిస్తే వెలుగు రోడ్డు దాటి ఎదుటి ఇంటి కిటికీలోకి పోతుంది. చాలా ఎల్ఈడీ ఫిట్టింగులు (దీపం ఉండే డబ్బాలు) దాదాపు చదునుగా ఉండాలి. రసమట్టం పెట్టి దించండి.

కొన్నిచోట్లే చీకటి, కిందటేడాది బాగానే ఉండేది

అందరూ బోల్తా పడేది ఇక్కడే. దీపం వెలుగుతుంది, గాజు శుభ్రంగా ఉంది, దూరం సరిపోయింది, ఓల్టేజీ బాగుంది. ఫిట్టింగ్ మార్చేస్తారు. కొత్తదీ అంతే. అసలు సంగతేమిటంటే బ్రాకెట్ స్తంభం చుట్టూ తిరిగిపోయింది.

ఎల్ఈడీ లెన్స్ వెలుగును గుండ్రంగా కాకుండా రోడ్డు పొడవునా అటూ ఇటూ చాపుతుంది. అందుకే బ్రాకెట్ రోడ్డుకు సరిగ్గా అడ్డంగా ఉండాలి. మీటరున్నర బ్రాకెట్ 20 డిగ్రీలు తిరిగితే దాని కొస పక్కకు జరిగేది మూరెడే. కింద నిలబడి తలెత్తితే అది కంటికి ఆనదు. కానీ రెండు స్తంభాల నడిమధ్య, అంటే 15 మీటర్ల దూరంలో, వెలుగు 5 మీటర్లకు పైగా పక్కకు పోతుంది. 7 మీటర్ల రోడ్డుకు ఇక మిగిలేదేముంది? సోడియం దీపాల వెలుగు చెదిరినట్టు పరుచుకునేది కాబట్టి ఈ తేడా అప్పట్లో ఇంతగా తెలిసేది కాదు.

తిప్పేది మన ఆషాఢ గాలి. అది పడమర నుంచి వీస్తుంది కాబట్టి అనంతపురం నుంచి కళ్యాణదుర్గం పోయే రోడ్డులా తూర్పు-పడమరగా ఉన్న వీధుల్లో బ్రాకెట్‌ను పక్కనుంచి కొడుతుంది. ఉత్తర-దక్షిణ రోడ్ల మీద బ్రాకెట్ గాలికి ఎదురుగానో వాలుగానో ఉంటుంది, అంతగా తిరగదు. ఇక బ్రాకెట్‌కు ఎవరో పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టి ఉంటే ఏ దిక్కు రోడ్డయినా ఒకటే, తెరచాపలా పట్టి లాగేస్తుంది. వినాయక నిమజ్జనం రోజు ఎత్తు విగ్రహాల కోసం కర్రలతో తీగలు ఎత్తేటప్పుడు తిరిగేవి వేరే.

దీన్ని పట్టుకోవాలంటే దీపం వైపు కాదు, గోడల వైపు చూడండి. గాలికి బ్రాకెట్ తిరిగిన స్తంభం దగ్గర తూర్పున రోడ్డు మీద పడాల్సిన వెలుగు స్తంభాల వెనక ఇళ్ల గోడల మీద పడుతుంది. పడమటి వెలుగు రోడ్డు దాటి ఎదుటి అరుగుల మీద ఉంటుంది. ఈ గుర్తు కనిపిస్తే పగలు వెళ్లి బ్రాకెట్ కొస నుంచి గుండు దారం వదిలి, దారం తగిలిన చోటికీ స్తంభానికీ గీత గీసి, రోడ్డు అంచుకు మూలమట్టం పెట్టండి. సంగతి తేలిపోతుంది.

లైన్ ఆపించాక, బ్రాకెట్‌ను స్తంభానికి పట్టి ఉంచే క్లాంపు వదులు చేసి తిప్పి బిగిస్తే పని అయిపోయినట్టు కాదు. చాలామంది అక్కడితో ఆగుతారు, మరుసటి ఆషాఢానికి మళ్లీ అదే ఫిర్యాదు. క్లాంపు కొలత స్తంభానికి సరిపోక మధ్యలో రేకు ముక్క కుక్కారేమో చూడండి. కుక్కి ఉంటే తీసి, సరైన క్లాంపు వేయండి. తుప్పు పట్టిన బోల్టులు మార్చి, స్ప్రింగ్ వాషరు, రెండో నట్టు వేయండి. ఫిట్టింగ్ పైపు మీద విడిగా కూడా పక్కకు ఒరుగుతుంది, దానికి అడ్డంగా రసమట్టం పెట్టి సరిచేయండి. చివర్లో క్లాంపు మీది నుంచి స్తంభం మీదికి పెయింట్‌తో ఒకే గీత గీయండి. ఎప్పుడు తిరిగినా ఆ గీత తెగి కనిపిస్తుంది. శ్రావణంలో ఒకసారి, నిమజ్జనం అయ్యాక ఒకసారి ఆ గీతలు చూసుకుంటూ పోతే చాలు.

లెన్స్ రకం తప్పు పడటం, స్తంభమే ఒరిగిపోవడం, ఎల్ఈడీకి కరెంటు సరిచేసి ఇచ్చే డ్రైవర్ పెట్టె నీరసించడం లాంటివీ ఉన్నాయి కానీ అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.