పాలపుంతలో మన గ్రహాలు ఎటు పక్కన ఉన్నాయో కళ్ళతో చూసి కనుక్కోవడం ఎలా

నెట్‌లో పాలపుంత ఫోటో ఒకటి తిరుగుతుంటుంది కదా, పెద్ద సుడి లాంటి చక్రం, దాని మీద బాణం గుర్తేసి "మనం ఇక్కడ" అని. అది ఫోటో కాదండి, గీసిన బొమ్మ. మనం దాని లోపలే ఉన్నాం, బయటికెళ్ళి ఫోటో తీసినవాళ్ళు ఎవరూ లేరు. కానీ లోపల నుంచే మన చోటు తెలుసుకోవచ్చు, టెలిస్కోప్ కూడా అక్కర్లేదు.

ముందు ఒక పేపర్ మీద 2 సెంటీమీటర్ల వెడల్పు సున్నా చుట్టండి. అది నెప్ట్యూన్ కక్ష్య అనుకుంటే సూర్యుడు, 8 గ్రహాలు అన్నీ ఆ సున్నాలోనే సరిపోతాయి. ఈ లెక్కన మనకి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ దాదాపు 90 మీటర్ల దూరంలో ఉంటుంది, పాలపుంత నడిమధ్య సుమారు 550 కిలోమీటర్ల అవతల, మొత్తం పాలపుంత వెడల్పేమో 2,100 కిలోమీటర్లు! అందుకే గురుడు ఎక్కడ, శని ఎక్కడ అని విడివిడిగా వెతకక్కర్లేదు, పాలపుంత లెక్కలో అన్నీ ఒకటే చుక్క. అసలు లెక్కలో ఆ చుక్క కేంద్రానికి సుమారు 26,000 కాంతి సంవత్సరాల (కాంతి ఒక ఏడాదిలో వెళ్ళే దూరం ఒక కాంతి సంవత్సరం) దూరంలో, ఓరియన్ భుజం అనే చిన్న పాయలో ఉంది.

ఇప్పుడు ఆకాశం చూద్దాం. జూన్ నుంచి ఆగస్టు లోపు, అమావాస్య దగ్గర్లో, లైట్లు లేని చోటికి వెళ్ళండి, ఓ అరగంట ఫోన్ ముట్టుకోకండి, కళ్ళు చీకటికి అలవాటు పడాలి. దక్షిణం వైపు వృశ్చిక రాశిలో ఎర్రగా మెరిసే జ్యేష్ఠ (అంటారెస్) నక్షత్రాన్ని పట్టుకోండి, దాని తూర్పున ధనుస్సు రాశిలో టీ కెటిల్ ఆకారం ఒకటి కనిపిస్తుంది. చెయ్యి బారుగా చాపి, కెటిల్ మూతి నుంచి జ్యేష్ఠ వైపు మూడు వేళ్ళ వెడల్పు జరగండి. అదే కేంద్రం! 40 లక్షల సూర్యుళ్ళకి పైగా బరువున్న బ్లాక్ హోల్ అక్కడే ఉంది, 2022లో దాని చిత్రం కూడా విడుదల చేశారు. మధ్యలో ధూళి అడ్డం కాబట్టి కంటికి మాత్రం కనపడదు.

నాకు బాగా ఇష్టమైన భాగం ఇది. కన్యా రాశిలోని చిత్త (స్పైకా) నక్షత్రం నుంచి జ్యేష్ఠకి ఒక గీత ఊహించుకుని అలాగే ధనుస్సు దాకా లాగండి, గ్రహాలు తిరిగే దారి దాదాపు అదే, ఆ రోజు గురుడో శనో పైన ఉంటే ఆ దారి పక్కనే దొరుకుతాయి. ఆకాశంలో పల్చటి తెల్లని పట్టీలా కనిపించేదే పాలపుంత, ఆ గీత ఆ పట్టీని ఎలా దాటుతోందో చూడండి, పక్కపక్కనే పోవట్లేదు, బాగా అడ్డంగా కోస్తోంది, సుమారు 60 డిగ్రీలు. పాలపుంత పళ్ళెంలో మన గ్రహాలు కూడా బల్లపరుపుగా పరిచి ఉంటాయని నేను చాలా ఏళ్ళు అనుకున్నా, ఒక రాత్రి ఈ గీత గీసుకున్నాకే అర్థమైంది మన పళ్ళెం బాగా ఒరిగి ఉందని.

తర్వాత హంస మండలంలో డెనెబ్ నక్షత్రం చూడండి. కేంద్రం చుట్టూ తిరుగుతూ మనం వెళ్తున్నది సుమారుగా అటే, సెకనుకి దాదాపు 230 కిలోమీటర్లు, అంటే ఒక్క నిమిషంలో భూమి వ్యాసం కన్నా ఎక్కువ దూరం. అంత వేగంతో పోయినా ఒక చుట్టుకి 20 కోట్ల ఏళ్ళు దాటుతుంది. సూర్యుడు ముందు పోతుంటే గ్రహాలన్నీ ఎప్పుడూ వెనకే పడి వస్తున్నట్టు చూపించే వీడియోలు నమ్మకండి, ఆ ఒరుగు వల్ల ప్రతి గ్రహం కాసేపు సూర్యుడి కన్నా ముందు, కాసేపు వెనక ఉంటుంది.

డిసెంబర్, జనవరిలో మళ్ళీ బయటికెళ్ళి వృషభం కొమ్ము చివరనున్న అగ్ని (ఎల్‌నాథ్) నక్షత్రం వైపు చూడండి, అది కేంద్రానికి దాదాపు అవతలి దిక్కు. పాలపుంత అక్కడ బాగా పల్చగా ఉంటుంది, ఎందుకంటే అటు మిగిలింది అంచు మాత్రమే.