ఇంట్లో వెబ్ డెవలపర్ పని ఆగకుండా సాగాలంటే ఏం చేయాలి?

హైదరాబాద్‌లో మే నెల సాయంత్రం గాలిదుమారం లేచిందంటే ముందు కరెంటు పోతుంది, ఆ వెనకే నెట్ పోతుంది. సరిగ్గా అప్పుడే క్లయింట్ కాల్ ఉంటుంది. లాప్‌టాప్‌కి లక్ష పెట్టడానికి వెనకాడనివాళ్లు కూడా రెండు వేల లోపు దొరికే రౌటర్ యూపీఎస్ దగ్గరికొచ్చేసరికి ‘చూద్దాంలే’ అంటారు. ఖర్చు పెట్టే వరసను తిరగేయండి. ముందు కరెంటు, తర్వాత నెట్, ఆ తర్వాత కుర్చీ, బ్యాకప్. కొత్త లాప్‌టాప్ సంగతి చివర్లో చూసుకోవచ్చు.

మొదట ఎర్తింగ్

చార్జర్ పెట్టి ఉన్నప్పుడు లాప్‌టాప్ మెటల్ బాడీ మీద వేలు రాస్తే సన్నగా జుమ్మంటోందా? అడాప్టర్ లోపలి ఫిల్టర్ నుంచి లీకయ్యే కొద్దిపాటి కరెంటుకి భూమిలోకి దారి లేదన్నమాట. రెండు పిన్నుల చార్జర్‌తో ఇది మామూలే. మూడు పిన్నులున్నా ఇలాగే ఉంటే సాకెట్‌ని అనుమానించాలి. అద్దె ఇళ్లలో చాలాచోట్ల పైనున్న పెద్ద రంధ్రం వెనక వైరే ఉండదు.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీయించండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టుల దగ్గర చూపించాలి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 2, 3 వోల్టులు దాటకూడదు. రెండో కొలత బాగా తగ్గితే ఎర్త్ వైరు తెగిందో, అసలు కలపలేదో అన్నమాట. వైరు బాగానే ఉంటే ఎర్త్ పిట్ (ఆ వైరు భూమిలో కలిసే గుంట) చూడండి. ఈ ఊరి కింద ఉన్నది గ్రానైట్ రాయి, ఎండాకాలంలో పిట్ ఎండిపోతే ఎర్త్ సరిగ్గా పట్టదు. నాలుగు రోజులకోసారి రెండు బకెట్ల నీళ్లు పోయమని వాచ్‌మన్‌కి చెప్పండి. ఓనర్‌తో మాట్లాడేటప్పుడు లాప్‌టాప్ కంటే గీజర్ పేరు చెప్తే పని త్వరగా అవుతుంది. నిజానికి అసలు ప్రమాదం కూడా అక్కడే.

బ్యాకప్ కరెంటు: ముందు వాట్లు కలపండి

కోడ్ రాసేటప్పుడు లాప్‌టాప్ 20 నుంచి 40 వాట్లు, 24 అంగుళాల మానిటర్ 20 నుంచి 25, రౌటర్, ఫైబర్ బాక్స్ కలిపి 10 నుంచి 15 వాట్లు తీసుకుంటాయి. లాప్‌టాప్‌కి సొంత బ్యాటరీ ఉంది కాబట్టి మీరు కాపాడాల్సింది ముఖ్యంగా ఆ చివరి 15 వాట్లనే.

దానికి మినీ యూపీఎస్ చాలు. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీది లేబుల్ ఫొటో తీసుకోండి. ఎక్కువగా 12 వోల్టులే ఉంటుంది కానీ 9 వోల్టుల రౌటర్లు, 5 వోల్టుల బాక్సులు కూడా ఉన్నాయి. 9 వోల్టులదానికి 12 పెడితే రౌటర్ కాలిపోవచ్చు. ఫైబర్ బాక్స్ వేరుగా ఉంటే రెండు అవుట్‌పుట్లున్న యూపీఎస్ తీసుకోండి, రెండింటి ఆంపియర్లనూ కూడి చూడండి. ఫైబర్ బాక్స్‌ని మరిచిపోయి ఒక్క రౌటర్‌కే బ్యాకప్ పెడితే వైఫై గుర్తు నిండుగా కనిపిస్తుంది, నెట్ మాత్రం రాదు.

డబ్బా మీద 10,000 ఎంఏహెచ్ అని చూసి మురిసిపోకండి. ఆ అంకె లోపలి సెల్ వోల్టేజీ 3.7 దగ్గర వేసింది. అంటే 37 వాట్ అవర్లు. నష్టాలు పోను 10 వాట్ల లోడ్‌కి మూడు గంటలు వస్తుంది.

డెస్క్‌టాప్ వాడేవాళ్ల లెక్క వేరు. 600 వీఏ యూపీఎస్ లోపల సాధారణంగా 12 వోల్టుల, 7 ఏహెచ్ బ్యాటరీ ఉంటుంది. 150 వాట్ల లోడ్‌కి అది పదిహేను, ఇరవై నిమిషాలు నడిపితే గొప్ప. ఫైళ్లు సేవ్ చేసి మర్యాదగా షట్‌డౌన్ చేయడానికి ఆ టైం సరిపోతుంది, పని కొనసాగించడానికి కాదు.

ఇంటికి ఇన్వర్టర్ ఉంటే, 12 వోల్టుల, 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్ అవర్లు ఉన్నట్టు. వాడుకోదగ్గది అందులో మూడింట రెండు వంతులు అనుకోండి. ఫ్యాను, లైటు, డెస్క్ కలిపి 200 వాట్లయితే అయిదారు గంటలు నడుస్తుంది. వెనక మోడ్ స్విచ్ ఉంటే యూపీఎస్ వైపుకి తిప్పండి, లేకపోతే కరెంటు మారే క్షణంలో డెస్క్‌టాప్ రీస్టార్ట్ కావచ్చు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద చిన్న యూపీఎస్ తగిలిస్తే అది ఆ కరెంటుని ఒప్పుకోక కీచుకీచుమంటూ సొంత బ్యాటరీనే ఖాళీ చేసుకుంటుంది. మామూలు కరెంటులాంటిదే ఇచ్చే సైన్ వేవ్ ఇన్వర్టర్‌కే వెళ్లండి. ట్యూబులర్ బ్యాటరీలో రెండు మూడు నెలలకోసారి మట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ పోయాలి. బోరు నీళ్లు పోశారా, అందులోని లవణాలు ప్లేట్లని తినేస్తాయి.

కరెంటు కంప్లయింట్‌కి 1912. బిల్లు మీదున్న యూఎస్‌సీ నంబరు అడుగుతారు, బిల్లు ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి.

నెట్ పోయినప్పుడు ముందు లైటు చూడండి

ఫైబర్ బాక్స్ మీద ‘ఎల్ఓఎస్’ (సిగ్నల్ పోయిందని అర్థం) లైటు ఎర్రగా వెలిగితే మీ రౌటర్ తప్పేమీ లేదు, బయట ఫైబర్ తెగింది, లేదా వంగి నలిగింది. కస్టమర్ కేర్‌కి మొదటి మాటగా అదే చెప్పండి. ‘రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్’ అనే పది నిమిషాలు మిగులుతాయి.

రెండో కనెక్షన్‌గా ఇంకో ఫైబర్ తీసుకోవడం చాలా గల్లీల్లో దండగ. రెండు కేబుళ్లూ ఒకే కరెంటు స్తంభం మీద వేలాడుతుంటాయి, కొమ్మ విరిగి పడితే రెండూ పోతాయి. దాని బదులు వేరే కంపెనీ సిమ్ ఒకటి ఉంచుకోండి. ఇంటి బయట కాదు, మీ కుర్చీలో కూర్చుని హాట్‌స్పాట్ స్పీడ్ చూశాకే సిమ్ ఖాయం చేసుకోండి. హాట్‌స్పాట్‌ని లాప్‌టాప్‌లో ‘మీటర్డ్ కనెక్షన్’గా పెట్టండి, లేదంటే వీడియో కాల్ మధ్యలో సిస్టమ్ అప్‌డేట్ మొదలై రోజు డేటా అంతా మింగేస్తుంది.

అపార్ట్‌మెంట్లలో 2.4 గిగాహెర్ట్జ్ వైఫై సంత లాంటిది. ఒకదాని మీద ఒకటి పడని చానళ్లు అందులో 1, 6, 11, మూడే. 5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువ కానీ రెండు గోడలు దాటితే నీరసపడుతుంది. డెస్క్ దాకా క్యాట్ 6 కేబుల్ లాగేయడమే మేలు. లాగాక లింక్ స్పీడ్ 1,000కి బదులు 100 చూపిస్తే, కొసకి ప్లగ్ బిగించే క్రింపింగ్‌లో ఎనిమిది తీగల్లో ఏదో ఒకటి అంటలేదు. కొస కత్తిరించి మళ్లీ కొట్టించండి.

మానిటర్, కుర్చీ

24 అంగుళాలకి 1080పి చాలు. 27 అంగుళాలైతే 1440పి తీసుకోండి. 27 అంగుళాల 1080పి మానిటర్ ధర ఊరిస్తుంది గానీ అంగుళానికి 82 పిక్సెళ్లే వస్తాయి. ఇంగ్లిష్ అక్షరాలు ఎలాగో నెట్టుకొస్తాయి, ‘క్ష్మి’, ‘ర్ట్జ్’ లాంటివాటి ఒత్తులు మాత్రం మసకబారతాయి.

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) కొంటే షాపులోనే ఒకసారి పూర్తి తెల్ల స్క్రీన్, ఒకసారి పూర్తి నల్ల స్క్రీన్ పెట్టించి చచ్చిన పిక్సెళ్లు వెతకండి. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. టైప్ సి కేబుళ్లన్నీ ఒకటి కావు, ఫోన్‌తో వచ్చిన కేబుల్ చార్జింగ్ చేస్తుందే తప్ప చాలాసార్లు మానిటర్‌కి బొమ్మ పంపదు. 4కె మానిటర్‌లో మౌస్ జెర్కులు కొడుతుంటే పాత హెచ్‌డీఎంఐ వల్ల అది 30 హెర్ట్జ్ దగ్గర ఆగిందేమో సెట్టింగ్స్‌లో చూడండి.

కుర్చీకి ఆఫీసులు ఖాళీ చేసినప్పుడు అమ్మే సెకండ్ హ్యాండ్‌వి బాగుంటాయి. కూర్చుని, ఎత్తు పెంచి అయిదు నిమిషాలు ఆగండి. దానంతటదే దిగిపోతే సిలిండర్ పోయినట్టే. మన టేబుళ్లు సాధారణంగా 30 అంగుళాల ఎత్తు. అయిదడుగుల నాలుగు అంగుళాల మనిషి మోచేతుల కోసం కుర్చీ పెంచితే కాళ్లు గాల్లో వేలాడతాయి, కాళ్ల కింద పీట వేసుకోండి.

ఎండాకాలం మాట ఒకటి. గది 38 డిగ్రీలుంటే లాప్‌టాప్ వేగం తనంతట తనే తగ్గించుకుంటుంది, కోడ్‌ని సైటుగా తయారుచేసే బిల్డ్ నత్తనడక నడుస్తుంది. ఫ్యాన్ దుమ్ము బ్లోయర్‌తో కొట్టేటప్పుడు రెక్కని పుల్లతో ఆపి పట్టుకోండి. రోజంతా చార్జింగ్‌లోనే ఉంచేవాళ్లు 80 శాతం దగ్గర ఆగే సెట్టింగ్ పెట్టండి.

బ్యాకప్: గిట్‌లో లేనిదే పోతుంది

రోజూ కోడ్ మార్పులు దాచే గిట్‌లోకి పుష్ చేస్తాం కదా అని ధీమాగా ఉంటాం. లాప్‌టాప్ చచ్చిన రోజు తెలుస్తుంది, కావాలని గిట్‌కి ఎక్కించని ‘.ఎన్వ్’ ఫైళ్లు (రహస్య సెట్టింగులు ఉండేవి), లోకల్ డేటాబేస్, సర్వర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ కీలు ఎక్కడా లేవని. మూడు కాపీలు, రెండు రకాల చోట్లు, ఒకటి ఇంటి బయట అన్నది పాత సూత్రమే. పాస్‌వర్డ్‌లు, ఎన్వ్ విలువలు పాస్‌వర్డ్ మేనేజర్‌లోకి, డేటాబేస్ డంప్ (మొత్తం డేటా ఒక ఫైలుగా) వారానికోసారి బయటి ఎస్‌ఎస్‌డీలోకి, దాని నకలు ఎన్‌క్రిప్ట్ చేసి క్లౌడ్‌లోకి పంపండి.

నెలకోసారి ఆ డంప్‌ని ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించి చూడండి. డిస్క్ నిండి సగంలో ఆగిన డంప్ కూడా పేరుకి ఫైలులాగే కనిపిస్తుంది. లాగిన్ కోడ్‌లిచ్చే అథెంటికేటర్ యాప్ ఉన్న ఫోన్ మెట్రోలో పోతే గిట్‌హబ్ దగ్గర్నుంచి సర్వర్ దాకా అన్నీ తాళం పడతాయి. రికవరీ కోడ్‌లు ప్రింట్ తీసి, పాస్‌పోర్ట్ ఉన్న ఫైల్‌లోనే పెట్టండి.

కొత్తది నేర్చుకునే లక్ష్యానికి టైం ఎక్కడ దొరుకుతుంది?

రాత్రి కాల్స్ అయ్యాక కొత్త విషయం నేర్చుకుందామనుకుంటే జరగదు. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలంటే ఇక్కడ వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. ఈ మార్పు మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం జరుగుతుంది. మీటింగ్‌ని క్యాలెండర్‌లో మన టైంతో కాక వాళ్ల టైం జోన్‌లోనే పెడితే ఆ సోమవారం కంగారు ఉండదు. సాయంత్రం ఇలా కాల్స్‌కి పోయేవాళ్లకి మిగిలేది ఉదయమే. మెయిల్, చాట్ తెరవకముందు 45 నిమిషాలు, వారానికి నాలుగు రోజులు పెట్టుకోండి. మూడు నెలలకి ఒకటే లక్ష్యం.

‘రియాక్ట్ బాగా నేర్చుకోవాలి’ అన్నది లక్ష్యం కాదు, అయిందో లేదో తేలదు. కాలనీ లైబ్రరీ కేటలాగో, అమ్మ వంటల సైటో, తెలుగులో ఒకటి కట్టి లైవ్ పెట్టాలనుకోండి. ట్యుటోరియల్స్‌లో కనపడని పాఠాలు అందులో దొరుకుతాయి. లైన్ హైట్ (ఒక్కో వరసకిచ్చే ఎత్తు) 1.2 పెట్టి, దాటిన భాగాన్ని దాచేస్తే కింది ఒత్తులు తెగిపోతాయి, 1.6 నుంచి 1.8 ఇవ్వాలి. బోల్డ్ లేని ఫాంట్‌ని బోల్డ్ చేస్తే బ్రౌజర్ తనే అక్షరాలు లావు చేసి అలికేస్తుంది. పేరు రాసే గడికి 10 అక్షరాల పరిమితి పెట్టారనుకోండి. ‘స్త్రీ’ అనేది కంటికి ఒక్క అక్షరం, జావాస్క్రిప్ట్ లెంగ్త్‌కి 6, యూటీఎఫ్-8లో 18 బైట్లు. అక్షరాలు విడగొట్టే సెగ్మెంటర్ కూడా పాత బ్రౌజర్‌లో 3 అంటుంది, కొత్తదాంట్లో 1 అంటుంది. కాబట్టి తెలుగు పేర్ల గడులకి పరిమితి కనీసం నాలుగైదు రెట్లు వదులుగా పెట్టండి. ఇంట్లో మూలనపడ్డ పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి తీసి, వైఫై ఆపి మొబైల్ డేటా మీద సైటు తెరిచి చూశాకే లింకు ఎవరికైనా పంపండి.