మీ అభిమాన పాత్రే బలమైనదని ఒప్పించే యానిమే ఎడిట్ ఎలా చేయాలి?

ఇద్దరు యానిమే (జపాన్ యానిమేషన్) అభిమానులు కలిస్తే కాసేపట్లోనే మాట "ఎవరు ఎక్కువ బలవంతులు" అన్న చోటికి వస్తుంది. డ్రాగన్ బాల్ గోకూనా, వన్ పంచ్ మ్యాన్ సైతామానా? జుజుత్సు కైసెన్‌లో గోజోనా, సుకునానా? నోటితో వాదించుకుంటే తెల్లారిపోతుంది. అందుకే చాలామంది ఎడిట్ చేస్తారు. ముప్పై నలభై సెకన్ల వీడియో, వెనక ఒక పాట, చివర్లో తమ పాత్ర పేరు. చూడ్డానికి బాగానే ఉంటాయి కానీ అవతలివాడి అభిప్రాయాన్ని మాత్రం కదిలించవు, ఎందుకంటే వాటిలో ఎఫెక్టులు ఉంటాయి, వాదన ఉండదు. నా దృష్టిలో ఎడిట్ అంటే సాక్ష్యం చూపించి చెప్పే వాదన. మీరు పెట్టిన సీనుతో పాటు వదిలేసిన సీను కూడా అందులో భాగమే.

ఈ కళ మొదలైనప్పటి నుంచీ ఇంతే. 1982లో అమెరికాలో జిమ్ కపోస్టాస్ అనే కుర్రాడు రెండు వీసీఆర్‌లు కలిపి, ఒక అంతరిక్ష యుద్ధ యానిమేలోని అతి హింసాత్మకమైన సీన్లకు బీటిల్స్ ప్రేమపాట జోడించాడు. మొట్టమొదటి యానిమే మ్యూజిక్ వీడియోగా చాలామంది దాన్నే చెప్తారు. అప్పుడు ట్రాన్సిషన్లు లేవు, ప్రీసెట్లు (సిద్ధంగా దొరికే ఎఫెక్టులు) లేవు. ఏ బొమ్మ పక్కన ఏ పాట పెట్టాలన్న ఆలోచన ఒక్కటే ఉంది, అదే పని చేసింది.

1. ముందు ప్రశ్నను ఇరుకు చేయండి

"వన్ పీస్‌లో లూఫీ బలమైనవాడు" అంటే ఏ లూఫీ? మెరైన్‌ఫోర్డ్ యుద్ధం నాటి లూఫీకి, తర్వాత వానో భాగంలో గియర్ 5 అనే రూపం వచ్చిన లూఫీకి పోలికే లేదు. సాఫ్ట్‌వేర్ తెరవకముందే ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాసుకోండి: పాత్ర కథలో ఏ దశలో ఉంది, ప్రత్యర్థి ఏ దశలో ఉన్నాడు, ఒకరి శక్తి గురించి ఒకరికి ముందే తెలుసా, గెలుపు అంటే ఏమిటి. చంపడమా, స్పృహ తప్పించడమా, బరిలోంచి బయటికి నెట్టడమా?

మూడో విషయాన్ని ఎక్కువమంది మర్చిపోతారు. డెత్ నోట్‌లో లైట్ యాగామికి కండబలం లేదు, కానీ ఎదుటివాడి ముఖం, అసలు పేరు తెలిస్తే చాలు. ఇలాంటి శక్తులను అభిమానులు హ్యాక్స్ అంటారు. ముందస్తు సమాచారం ఉందా లేదా అన్నది తేలకపోతే వీటి మీద వాదన ఎటూ తెగదు. హంటర్ ఎక్స్ హంటర్‌లో కురాపికా వాడే చెయిన్ జైల్ అనే గొలుసు ఇంకా మంచి ఉదాహరణ. అది ఫాంటమ్ ట్రూప్ అనే ముఠా సభ్యుల మీదే వాడాలి. వేరేవాళ్ల మీద వాడితే చచ్చేది అతనే. ఆ ముఠా మీద భయంకరమైన ఆయుధం, బయటివాడి ముందు పనికిరాదు. "మొత్తం మీద ఎవరు బలవంతులు" కంటే "ఫలానావాడి ముందు, ఫలానా షరతుల్లో" అనే ప్రశ్నకే మంచి ఎడిట్ పుడుతుంది.

2. సాక్ష్యాన్ని బరువు చూసి ఏరుకోండి

నేను ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే. సాక్ష్యాలను మూడు రకాలుగా విడదీస్తాను. పాత్ర తెర మీద నిజంగా చేసిన పని, అంటే ఫీట్, అన్నిటికంటే బరువైనది. దాని తర్వాత కథనం చెప్పిన మాట. చివరగా ఇంకో పాత్ర అన్న మాట. పాత్రలు అబద్ధం చెప్తాయి, భయపడి పెంచి చెప్తాయి, తెలియక చెప్తాయి. "ఇతన్ని ఎవరూ ఓడించలేరు" అని ఒక శిష్యుడు గురువు గురించి అంటే అది శిష్యుడి భక్తికి సాక్ష్యం, గురువు బలానికి కాదు.

అంకెలతో ఇంకా జాగ్రత్త. వన్ పీస్‌లో నీకో రాబిన్ తల మీద 7 కోట్ల 90 లక్షల బెర్రీల వెల పడినప్పుడు ఆమె వయసు 8 ఏళ్లు. ఆ పిల్ల అంత బలమైనదని కాదు, ఆమెకు చదవడం వచ్చిన రాతలంటే ప్రభుత్వానికి అంత భయమని. అక్కడ వెల చెప్పేది ప్రమాదాన్ని. డ్రాగన్ బాల్‌లో విలన్ ఫ్రీజా తన మొదటి రూపంలోనే తన శక్తి స్థాయి 5,30,000 అని చెప్పుకుంటాడు. అదే కథలో గోకూ బృందం తమ శక్తిని దాచుకుని, శక్తిని కొలిచే స్కౌటర్ల కళ్లు కప్పుతుంది కూడా. కొలిచే పరికరమే మోసపోతుందని కథ చూపించాక, ఆ అంకెను ఒక్కదాన్నే తెర మీద పెద్దక్షరాల్లో వేస్తే ఎవరు నమ్ముతారు?

అనువాదం కూడా సరిచూడండి. వెజిటా గోకూ శక్తిని చూసి "9,000 దాటింది" అని అరిచే ఇంగ్లిష్ డబ్బింగ్ డైలాగు ప్రపంచమంతా తెలుసు. జపనీస్‌లో అతను చెప్పింది 8,000. ఒక డైలాగు మీద మీ వాదన మొత్తం నిలబడి ఉంటే, కనీసం రెండు అనువాదాలు పక్కపక్కన పెట్టి చూడండి.

ఆ సీను అసలు కథలో ఉందా అన్నది ఇంకో పరీక్ష. మూలమైన జపనీస్ కామిక్ (మాంగా) కంటే యానిమే ముందుకెళ్లిపోకుండా మధ్యలో విడిగా రాసిన ఎపిసోడ్లను ఫిల్లర్ అంటారు. నేను ఒకసారి అలాంటి ఎపిసోడ్‌లోని దెబ్బను ఎడిట్‌కు గుండెకాయలా పెట్టాను. రెండు వారాల పని. చూసిన మొదటి స్నేహితుడే "ఇది మాంగాలో లేదు కదా" అన్నాడు. అతను చెప్పింది నిజం. ఆ సీను తీసేస్తే మిగిలినదానికి వెన్నెముక లేదు, మొదటి నుంచి మళ్లీ చేశాను. అప్పటి నుంచి ప్రతి క్లిప్పుకూ ఎపిసోడ్ నంబరు, నిమిషం, మాంగా అధ్యాయం ఒక పట్టికలో రాసుకోవడం అలవాటైంది. మీరూ మొదటి రోజు నుంచే రాసుకోండి.

ఇక లెక్కలు. డ్రాగన్ బాల్ తొలి భాగంలోనే ముసలి గురువు రోషీ కామెహామెహా అనే శక్తి కిరణంతో చంద్రుణ్ణి పేల్చేస్తాడు. నిజమైన చంద్రుణ్ణి ముక్కలుగా విడదీయడానికి కావాల్సిన శక్తి సుమారు 1.2 × 10 ఘాతం 29 జౌళ్లు, అంటే 12 తర్వాత 28 సున్నాలు. 1961లో సోవియట్ యూనియన్ పరీక్షించిన జార్ బాంబు అనే హైడ్రోజన్ బాంబు లాంటివి దాదాపు 60 వేల కోట్లు ఒకేసారి పేలినంత. ఈ లెక్క వేయడం నాకు చాలా ఇష్టం, వేయండి. కానీ ఒక లెక్క ఫలితం మీద ఇంకో లెక్క, దాని మీద మరోటి పేర్చుకుంటూ పోవద్దు. మొదటి అంచనాలోని చిన్న తప్పు మూడో మెట్టుకు వచ్చేసరికి కొండంత అవుతుంది. వేగం విషయంలో కూడా అంతే. పాత్ర కాంతి కిరణాన్ని తప్పించుకుందా, లేక ఎదుటివాడు గురిపెట్టడం చూసి ముందే జరిగిందా? ఫ్రేము ఫ్రేముగా చూడండి. రెండోదైతే "కాంతి కంటే వేగం" అని రాయకండి.

మీ పాత్ర ఓడిన సీన్లు కూడా పట్టికలో ఉండాలి. 2015లో వచ్చిన రిసరెక్షన్ ఎఫ్ సినిమాలో గోకూ సూపర్ సయ్యన్ బ్లూ స్థాయికి ఎదిగాక కూడా ఫ్రీజా సైన్యంలోని ఒక అధికారి ఉంగరంలోంచి వచ్చిన కిరణానికి పడిపోతాడు. ఏమరుపాటుగా ఉన్నాడు కాబట్టి అని ఆ సినిమానే కారణం చెప్తుంది. గోకూ అభిమాని ఆ సీనును దాచేస్తే ఎదుటివాడు దాన్నే తెస్తాడు. కారణంతో సహా మీరే రెండు సెకన్లు చూపిస్తే ఆ దారి మూసుకుపోతుంది.

3. పాటను ఎంచుకుని బీట్ లెక్కగట్టండి

ఎక్కువ యానిమేలు సెకనుకు 23.976 ఫ్రేముల్లో ఉంటాయి, లెక్కకు 24 అనుకుందాం. పాట నిమిషానికి 120 బీట్లైతే ఒక్కో బీటుకు సరిగ్గా 12 ఫ్రేములు. 144 అయితే 10, 160 అయితే 9. ఇవి చేతికి సుఖంగా ఉంటాయి. 140 బీట్ల పాటలో మాత్రం బీటుకు 10.29 ఫ్రేములు వస్తాయి. మీరు పదేసి ఫ్రేముల చొప్పున కోసుకుంటూ పోతే 14 బీట్లు దాటేసరికి నాలుగు ఫ్రేములు ముందుకు జరిగిపోతారు. చూసేవాళ్లకు ఏదో తేడాగా ఉందని అనిపిస్తుంది కానీ ఏమిటో చెప్పలేరు. అందుకే ఫ్రేములు లెక్కపెట్టుకుంటూ పోవద్దు. పాటను టైమ్‌లైన్ మీద వేసి, వేవ్‌ఫామ్ చూస్తూ ప్రతి పెద్ద బీటు దగ్గరా మార్కర్ పెట్టండి.

పాట పెరిగే తీరు మీ వాదన పెరిగే తీరుకు సరిపోవాలి. మెల్లగా మొదలయ్యే భాగంలో ప్రశ్న, ప్రత్యర్థి గొప్పదనం. ఎక్కే భాగంలో చిన్న సాక్ష్యాలు. డ్రాప్ దగ్గర, అంటే పాట ఒక్కసారిగా విరుచుకుపడే చోట, మీ అతి బలమైన ఫీట్. చాలామంది దాన్ని మొదటి మూడు సెకన్లలోనే ఖర్చు చేసేస్తారు, ఆ తర్వాత చూపించడానికి ఏమీ మిగలదు.

4. కోత వేయడం

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ ఆలోచించకండి. ఫోన్‌లో క్యాప్‌కట్, అలైట్ మోషన్, కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే డావిన్సీ రిజాల్వ్ లేదా కేడెన్‌లైవ్ చాలు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ తర్వాత నేర్చుకోవచ్చు. టైమ్‌లైన్ ఫ్రేమ్ రేటు 23.976కు పెట్టారో లేదో మాత్రం క్లిప్పులు వేయకముందే చూసుకోండి.

కొత్తవాళ్లు బీటు మీద కట్ పెడతారు. బీటు మీద పడాల్సింది దెబ్బ. పిడికిలి ముఖాన్ని తాకిన ఫ్రేమును మార్కర్ మీదకు తెచ్చి, అక్కడి నుంచి వెనక్కి ఎంత కావాలో అంత ఉంచి కోయండి. ఈ ఒక్క మార్పుతో సగం ఎడిట్లు బాగుపడతాయి. డ్రాప్‌కు ముందు ఏడెనిమిది ఫ్రేములు పాటను ఆపి నిశ్శబ్దం ఉంచండి, లేదా అసలు సీనులోని ఊపిరి శబ్దాన్ని వినిపించండి. నేను చేసినవాటిలో ఇప్పటికీ నాకు నచ్చేవి ఇలాంటి నిశ్శబ్దాలే.

స్లో మోషన్ దగ్గర ఒక చిక్కు ఉంది. యానిమేలో చాలాచోట్ల ఒక్కో బొమ్మను రెండు లేదా మూడు ఫ్రేములు అలాగే ఉంచుతారు, అంటే సెకనుకు 12 లేదా 8 బొమ్మలే. దాన్ని నేరుగా ఆప్టికల్ ఫ్లోతో (మధ్య ఫ్రేములను సాఫ్ట్‌వేరే ఊహించి తయారుచేసే పద్ధతి) నెమ్మది చేస్తే ఆగి ఆగి కదులుతుంది, ముఖాలు సాగిపోతాయి. రిపీటయిన ఫ్రేములను ముందు తీసేసి, ఆ తర్వాతే నెమ్మది చేయండి. యానిమేటర్ కావాలని సాగదీసి గీసిన ఫ్రేములు ఉన్న చోట అసలు ముట్టుకోకండి. ఆ వేగమంతా వాళ్ల చేతిలోంచి వచ్చింది, సాఫ్ట్‌వేర్ దాన్ని పాడుచేస్తుంది.

నిలువు వీడియో చేస్తుంటే 16:9 చిత్రం వెడల్పులో మూడో వంతు కూడా మిగలదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడిన షాట్ అందులో పట్టదు. కీఫ్రేములతో (ఏ క్షణంలో చిత్రం ఎక్కడుండాలో చెప్పే గుర్తులు) ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదకు జరపండి, లేదా పైన ఒకరిని కింద ఒకరిని పెట్టండి.

5. మెరుపులు తగ్గించండి

దీన్ని ప్రతి ఎడిటరూ తప్పకుండా పాటించాలని కోరుకుంటాను. 1997 డిసెంబర్ 16న జపాన్‌లో ప్రసారమైన పోకెమాన్ ఎపిసోడ్‌లో ఎరుపు, నీలం రంగులు సెకనుకు సుమారు 12 సార్లు మారుతూ మెరిశాయి. 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, ఎక్కువమంది పిల్లలు. ఆ సిరీస్‌ను నాలుగు నెలలు ఆపేశారు. సెకనుకు మూడు మెరుపులు దాటకూడదన్నది ఇప్పుడు అంతటా చెప్పే హద్దు. తెర నిండా ఎర్రటి మెరుపులు మరీ ప్రమాదం. ప్రతి బీటుకూ తెల్ల ఫ్లాష్ వేసే అలవాటుంటే మానేయండి, చిన్న జూమ్ లేదా కుదుపు అదే పని చేస్తుంది.

6. అక్షరాలు, ఎగుమతి, హక్కులు

తెర మీద రాసేది నాలుగైదు మాటలు దాటకూడదు. సీను పెట్టినప్పుడు మూలన ఎపిసోడ్ లేదా అధ్యాయం నంబరు చిన్నగా వేయండి. కథలో పెద్ద మలుపు చూపిస్తుంటే మొదటి సెకనులోనే ఆ సంగతి చెప్పండి. ఎగుమతి హెచ్.264లో, అదే ఫ్రేమ్ రేటులో చేయండి. ఇంకొకరి ఎడిట్‌లోంచి క్లిప్పులు తీసుకోవద్దు. నాణ్యత పడిపోతుంది, పైగా అది వాళ్ల కష్టం. ప్రీసెట్ వాడితే చేసినవారి పేరు వేయండి.

సీన్లు స్టూడియోలవి, పాట సంగీత సంస్థది. యూట్యూబ్ 2007 నుంచే ఇలాంటివాటిని యంత్రంతో పట్టుకునే కంటెంట్ ఐడీ నడుపుతోంది. వీడియో ఆగిపోవచ్చు, లేదా దాని మీద వచ్చే ఆదాయం హక్కుదారుకు వెళ్లొచ్చు. చట్టం దేశాన్ని బట్టి మారుతుంది. వేదికలు తమ లైబ్రరీలో ఇచ్చే పాటలు వాడితే పాట వైపు టెన్షన్ తగ్గుతుంది.

7. వాదనకు దిగినప్పుడు

ఎవరైనా ఎదురు చెప్తే ముందు వాళ్ల షరతులు అడగండి. సగం గొడవలు ఇద్దరూ వేర్వేరు దశల్లోని పాత్రల గురించి మాట్లాడుకోవడం వల్ల వచ్చేవే. షరతులు కలిశాక మీ పట్టికలోంచి ఎపిసోడ్, నిమిషం ఇవ్వండి, వాళ్లనూ అవే అడగండి. సైతామా లాంటి పాత్ర దగ్గర ఒకటి గుర్తుంచుకోండి. ఒక్క దెబ్బతో గెలవడమే ఆ కథ పెట్టుకున్న నియమం. ఆ నియమాన్ని వేరే కథలోకి తీసుకెళ్లొచ్చా లేదా అన్నది ఇద్దరూ ముందే ఒప్పుకోకపోతే ఏ ఫీట్ చూపించినా ఉపయోగం లేదు.

మీరు చూడని సీను ఎవరైనా చూపిస్తే వెంటనే జవాబివ్వకుండా వెళ్లి చూడండి. వాళ్లు చెప్పింది నిజమైతే పట్టికలో కలపండి, ప్రాజెక్ట్ ఫైల్ తెరిచి ఆ రెండు సెకన్లూ మార్చి మళ్లీ ఎగుమతి చేయండి, సీను చూపించినవారి పేరు వివరణలో రాయండి. అందుకే ఎడిట్ బయట పెట్టిన మర్నాడే ప్రాజెక్ట్ ఫైల్ చెరిపేయకండి. కథ ఇంకా నడుస్తుంటే వచ్చే అధ్యాయంతోనే దాని అవసరం పడొచ్చు.