ట్రేడ్ లైసెన్స్ అన్యాయంగా రద్దయితే మద్రాస్ హైకోర్టులో రిట్ వేసే విధానం

చెన్నైలో మెస్ పెట్టినా, మిఠాయి అంగడి పెట్టినా కార్పొరేషన్ లైసెన్స్ కావాలి. దాన్ని ఉన్నట్టుండి రద్దు చేస్తే రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టుకు వెళ్లవచ్చు, దీన్నే రిట్ పిటిషన్ అంటారు. ఒకటి మాత్రం ముందే తెలుసుకోండి, ఇది అప్పీలు కాదు. మీ వంటగది శుభ్రంగా ఉందా లేదా అన్న జోలికి జడ్జిగారు సాధారణంగా వెళ్లరు. నోటీసిచ్చారా, మీ మాట విన్నారా, కారణం రాశారా, సంతకం పెట్టినాయనకి ఆ అధికారం ఉందా అన్నవే చూస్తారు.

అందుకే లైసెన్స్ రద్దు చేసిన ఉత్తర్వు కాగితం ప్రాణం. మా పెదనాన్నగారి మెస్ షట్టర్‌కి అంటించిన కాగితాన్ని ఆయన కోపంతో పీకేశారు. తేదీ ఉన్న మూల షట్టర్‌కే ఉండిపోయింది! ఇంకో కాపీ కోసం మూడు వారాలు తిరిగాం. మీరు ముందు ఫోటో తీయండి, కవర్ మీది పోస్టు ముద్ర కూడా దాచండి. ఉత్తర్వులో లేని కారణాన్ని అధికారులు తర్వాత అఫిడవిట్‌లో (కోర్టుకిచ్చే ప్రమాణ పత్రంలో) చేర్చి ఆ ఉత్తర్వును నిలబెట్టుకోవడం కుదరదని సుప్రీంకోర్టు మొహీందర్ సింగ్ గిల్ కేసులో చెప్పింది. కాబట్టి అందులో ఏం రాశారన్నదే కాదు, ఏం రాయలేదన్నదీ మీకు బలమే. ఫైల్లో ఏముందో కావాలంటే సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

తర్వాత, అప్పీలుకు దారుందేమో చూడండి. ఉంటే కోర్టు ముందు అక్కడికే వెళ్లమంటుంది. నోటీసే ఇవ్వకపోవడం, అధికారం లేనివారు ఉత్తర్వివ్వడం లాంటి సందర్భాల్లో నేరుగా రావచ్చని 1998 నాటి సుప్రీంకోర్టు వర్ల్‌పూల్ తీర్పు ఉంది. రిట్‌కి ఇన్ని రోజులని గడువు లేదు కదా అని నెలలు గడిపేయకండి, ఆలస్యమెందుకైందని అడుగుతారు.

లాయరుగారికి వకాలత్ (మీ తరఫున వాదించే అధికార పత్రం) ఇచ్చాక అఫిడవిట్ తయారవుతుంది. అది ఇంగ్లీషులో ఉంటుంది. సంతకానికి ముందు తెలుగులో చదివి చెప్పమనండి, మొహమాటపడకండి. సంతకం పెట్టాక అందులోని ప్రతి మాటా మీదే. పాత లైసెన్సులు, కట్టిన రసీదులు, మీరిచ్చిన జవాబు, దాని మీద ఆఫీసు సీలు, ఇవన్నీ కలిపి టైప్డ్ సెట్ అంటారు. తమిళ నోటీసుకి ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. ఉత్తర్వు కొట్టేసి, మళ్లీ పరిశీలించమని ఆదేశించాలని కోరే పిటిషన్‌ని ఇక్కడి లాయర్లు 'సర్షియోరరిఫైడ్ మాండమస్' అంటారు. పేరు చూసి హడలిపోకండి.

షాపు మూతబడి ఉంటే స్టే (ఉత్తర్వు అమలును తాత్కాలికంగా ఆపడం) కోసం విడిగా మధ్యంతర పిటిషన్ కూడా వేయించండి. అసలు కేసు తేలేదాకా ఇడ్లీపాత్ర కడిగి పెట్టుకుని కూర్చోలేం కదా.

గెలిచినా కోర్టే నేరుగా మీ చేతికి లైసెన్సివ్వడం అరుదు. ఉత్తర్వు రద్దు చేసి, మీ మాట విని ఇన్ని వారాల్లో కొత్తగా తేల్చమని కార్పొరేషన్‌కే తిప్పి పంపుతుంది. ఆ విచారణకు కాగితాలతో తప్పకుండా వెళ్లండి. ఓడితే 30 రోజుల్లో ఇద్దరు జడ్జీల బెంచికి రిట్ అప్పీలు వేయవచ్చు.

ఫీజు టెన్షన్ ఉన్నవారు హైకోర్టు న్యాయ సేవల కమిటీని అడగండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరునిస్తారు.