పైన్‌ఫోన్‌లో ఫొటోలు బాగా రావాలంటే

లినక్స్‌తో నడిచే పైన్‌ఫోన్‌లో తీసిన ఫొటో వెలవెలబోతోందని వెంటనే కెమెరాను తిట్టకండి. వెనక ఉన్నది 5 మెగాపిక్సెల్ ఓవీ5640 సెన్సరే, అద్భుతాలేమీ చేయదు. కానీ ఆండ్రాయిడ్ ఫోన్లలో రంగులు దిద్దే పని లోపలే గుట్టుగా జరిగిపోతుంది. ఇక్కడ అది 'మెగాపిక్సెల్స్' అనే కెమెరా యాప్ వెంట వచ్చే 'పోస్ట్‌ప్రాసెస్' అనే చిన్న షెల్ స్క్రిప్ట్ (వరసగా ఆదేశాలు రాసి ఉన్న ఫైలు) చేతిలో ఉంటుంది. అది డీసీరా (dcraw), ఇమేజ్‌మ్యాజిక్ లాంటి ఫొటోలు దిద్దే ప్రోగ్రాముల మీద ఆధారపడుతుంది. అందుకే ముందు అవి ఇన్‌స్టాల్ అయ్యాయో లేదో చూడండి.

తర్వాత ఆ స్క్రిప్ట్‌ను మీ హోమ్ ఫోల్డర్‌లో డాట్ కాన్ఫిగ్ కిందున్న మెగాపిక్సెల్స్ ఫోల్డర్‌లోకి (~/.config/megapixels) కాపీ చేసుకుని, షార్ప్‌నెస్, కాంట్రాస్ట్ మీకు నచ్చినట్టు మార్చుకోండి. ఫోల్డర్ లేకపోతే మీరే సృష్టించండి. యాప్ ముందు మీ కాపీనే వాడుతుంది, అసలుది చెక్కుచెదరదు. డీఎన్‌జీ ఫైళ్లు, అంటే దిద్దకముందు సెన్సర్ ఇచ్చిన ముడి ఫొటోలు, మాత్రం పారేయకండి. చీకట్లో తీసినవాటిని తీరిగ్గా కంప్యూటర్లో డార్క్‌టేబుల్ అనే ఫొటో ఎడిటర్‌తో చాలావరకు బాగుచేసుకోవచ్చు.