దసరా సెలవుల్లో లెగో డబ్బా విప్పే ముందు

బెంగళూరు బడులకు దసరా సెలవులు దగ్గరపడ్డాయి. పిల్లలతో కలిసి లెగో (ఒకదానికొకటి బిగించే ప్లాస్టిక్ ఇటుకలు) కట్టాలనుకునేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

• ఇంట్లో మూడేళ్లలోపు బుజ్జి ఉంటే నేలమీద పరవొద్దు. బల్లమీదే, గది తలుపు వేసుకుని. శనగగింజంత ముక్క గొంతులో అడ్డం పడితే ఊపిరాడదు. డబ్బామీద 0-3 అని గీత కొట్టిన బొమ్మ అందుకే.

• డబ్బాలో ముక్కలున్న సంచులన్నీ ఒకేసారి చింపొద్దు. వాటిమీద 1, 2, 3 అని అంకెలుంటాయి, ఒకటి అయ్యాకే ఇంకోటి. కలిసిపోయాయంటే, ట్యూబ్‌లైట్ కింద లేత బూడిద రంగేదో ముదురు బూడిద రంగేదో తేల్చుకోలేక తల ప్రాణం తోకకొస్తుంది.

• అతుక్కున్న పలకల్ని పళ్లతో లాగనివ్వొద్దు. చాలా పెద్ద సెట్లలో ఇటుకలు విడదీసే చిన్న పనిముట్టు ఉంటుంది.

• పని సగంలో ఆపితే అంచున్న పళ్లెంలోకి ఎత్తి పెట్టండి. పొద్దున్నే ఊడ్చే అక్క చీపురుకు ముక్కా చెత్తా ఒకటే.

• ముక్క తగ్గిందా? ముందు ఖాళీ సంచి మూలలు తడమండి. నిజంగా లేకపోతే కంపెనీ సైట్‌లో అడగొచ్చు. చివర్లో బుల్లి ముక్కలు మిగిలితే కంగారొద్దు, అవి అదనంగా వేసినవే.

• ముక్కలు వెతికేది మీరు, బిగించేది వాళ్లు. నాన్నలూ, మీకే చెప్పేది!